పాదరసం ఉంది, రీడింగ్ లేదు: ఒక ఆర్గానిక్ ట్రాన్సిస్టర్ సెన్సర్ కిట్‌తో నాలుగు నెలలు

ముందే చెప్పేస్తున్నా, ఈ కిట్‌ని నేను వెనక్కి పంపలేదు. పంపేద్దామని రెండుసార్లు డబ్బాలో సర్దాను, రెండుసార్లూ మళ్లీ విప్పాను. రివ్యూ ఇంత ఆలస్యం కావడానికి కారణం అదే. కంపెనీ పేరు రాయడం లేదు. పేరు పెట్టి తిట్టడం కంటే లోపల ఏం జరుగుతోందో రాస్తే, ఇలాంటిది కొనబోయేవాళ్లకి ఎక్కువ పనికొస్తుంది.

నేను నీళ్లు పరీక్షించే ల్యాబ్‌లో 19 ఏళ్లుగా ఉన్నాను. మొదట్లో అటామిక్ అబ్సార్ప్షన్ మీద పనిచేశాను, ఇప్పుడు ఐసీపీ-ఎంఎస్ మీద. రెండూ నీళ్లలోని లోహాల్ని కొలిచే పద్ధతులే. ఈ ఐసీపీ-ఎంఎస్ యంత్రానికి ఒక గది కావాలి, ఆర్గాన్ సిలిండర్లు కావాలి, పొద్దున్నే దాని మూడ్ బాగుండాలి. దాని ముందు సీసాలు ఎప్పుడూ బారులు తీరి ఉంటాయి, చూస్తే వాటిలో చాలావాటిలో ఏమీ ఉండదు. అనుమానం ఉన్నవాటిని ముందే ఏరిపెట్టే చిన్న పరికరం ఏదైనా ఉంటే బాగుండు అనుకుంటున్న సమయంలో ఈ డబ్బా కనబడింది. మీద పెద్ద అక్షరాలతో ‘భార లోహాలు, అమైనో ఆమ్లాలు: ఒకే రీడర్’ అని ఉంది. కింద చిన్న అక్షరాలతో ‘నమూనాలోని మొత్తం లోహ అయాన్లు నిమిషాల్లో’ అని ఉంది. ఆ ‘మొత్తం’ అనే మాట గుర్తుపెట్టుకోండి. గొడవంతా దాని దగ్గరే.

స్టోర్స్‌లో డబ్బా దింపుకున్నాయన లేబుల్ చదివి, “ఆర్గానిక్ అంటే రసాయనాలు కలపనిదా మేడమ్?” అని అడిగాడు. అంతా రసాయనమేనండీ అన్నాను. ఇక్కడ ఆర్గానిక్ అంటే సిలికాన్ బదులు కార్బన్ గొలుసులున్న పాలిమర్ కరెంట్ మోస్తుందని. ప్లాస్టిక్ కరెంట్ మోయడమేమిటని నా జూనియర్ కూడా అనుమానపడింది. 1977లో పాలీఎసిటిలీన్‌కి అయోడిన్ లాంటివి తగిలించి దాన్ని వాహకంగా మార్చినందుకే హీగర్, మెక్‌డైర్మిడ్, షిరకావాలకి 2000లో రసాయన శాస్త్ర నోబెల్ వచ్చిందని చెప్పాను. నమ్మింది, కానీ మల్టీమీటర్ తెచ్చి చూసుకున్నాకే.

డబ్బాలో ఏమున్నాయంటే: అరచేతిలో పట్టే రీడర్, రెండు ట్రాన్సిస్టర్ కార్ట్రిడ్జ్‌లు, సిల్వర్-సిల్వర్ క్లోరైడ్ రిఫరెన్స్ ఎలక్ట్రోడ్, బఫర్ (పీహెచ్‌ని నిలకడగా ఉంచే ద్రావణం) పొట్లాలు, స్ట్రిప్‌లు. స్ట్రిప్‌లు ఐదు రకాలు. పాదరసానికి ఒకటి, రాగికి ఒకటి, హిస్టిడిన్, సిస్టీన్ అనే అమైనో ఆమ్లాలకి ఒక్కోటి. అయిదోది ‘విద్యార్థుల స్ట్రిప్’, ఏ లోహానికీ ప్రత్యేకం కాదు. సీసం, కాడ్మియం స్ట్రిప్‌లు విడిగా కొనాలట. కొనలేదు. ఎందుకో కాసేపట్లో చెబుతాను.

పనిచేసే తీరు తెలివైనదే. ట్రాన్సిస్టర్‌ని నీళ్లలో ముంచరు. దాని గేట్ (కరెంట్‌ని అదుపుచేసే కొస) నుంచి ఒక తీగ బయటికి లాగి, చివర చిన్న బంగారు బిళ్ల (స్ట్రిప్ మీద ఉండేది ఇదే) పెట్టి, ఆ బిళ్లని మాత్రమే ముంచుతారు. దీన్నే పొడిగించిన గేట్ అంటారు. టోక్యో విశ్వవిద్యాలయంలో మినామి త్సుయోషి బృందం రసాయన సెన్సర్లలో ఎక్కువగా వాడుతున్న పద్ధతి ఇదే. పాలిమర్‌కి తడి తగలదు కాబట్టి త్వరగా పాడవదు, బిళ్ల అరిగిపోతే బిళ్లనే మారుస్తాం. బిళ్ల మీద ఏదో ఒక లోహాన్ని పట్టుకునే అణువుల పొర ఒకటి ఉంటుంది. అయాన్ వచ్చి ఆ పొరకి తగులుకోగానే అక్కడి విద్యుత్ పొటెన్షియల్ కొన్ని మిల్లీవోల్టులు జరుగుతుంది, ట్రాన్సిస్టర్ గుండా పారే కరెంట్, అంటే డ్రైన్ కరెంట్, ఆ మేరకు మారుతుంది. రీడర్ చూపించేది ఆ మార్పునే. ఈ ఆలోచనకి మూలం 1970లో పీట్ బెర్గ్‌వెల్డ్ సిలికాన్‌తో చేసిన అయాన్ ట్రాన్సిస్టర్. పాలిమర్ రకం వచ్చేసరికి మరో పదిహేనేళ్లు పట్టింది.

అంటే ట్రాన్సిస్టర్‌కి పాదరసం ఏమిటో, రాగి ఏమిటో తెలియదు. గుర్తుపట్టే పని బిళ్ల మీది పొరది. దానికి తప్పుడు కబురు అందితే ట్రాన్సిస్టర్ ఆ తప్పుడు కబురునే గట్టిగా చదివి వినిపిస్తుంది. నా నాలుగు నెలల అనుభవం దాదాపు ఇదే.

మొదటి వారమంతా అది చేసిన నిర్వాకం వేరు. పొద్దున తీసిన బ్లాంక్ (లోహమేదీ కలపని ఉత్త బఫర్ రీడింగ్) ఒకలా, మధ్యాహ్నం తీసిన బ్లాంక్ ఒకలా వచ్చేది. నాలుగైదు మిల్లీవోల్టుల తేడా. బఫర్ మార్చాం, రిఫరెన్స్ ఎలక్ట్రోడ్‌లో పొటాషియం క్లోరైడ్ కొత్తది నింపాం, కేబుల్ మార్చాం. ఏదీ సరిపోలేదు. ఐదో రోజు గీత దానంతటదే పడిపోయి, ఐదు నిమిషాల తర్వాత దానంతటదే లేచింది. నేను గ్రాఫ్ చూస్తున్నాను, జూనియర్ కిటికీ చూస్తోంది. “మబ్బు పట్టింది మేడమ్, ఇప్పుడే విడిచింది” అంది. కార్ట్రిడ్జ్ మూత పారదర్శకం. లోపల ముదురు ఊదా రంగులో పాలిమర్ పొర ముద్దుగా కనబడుతుంది, చూడ్డానికి బాగుంటుందని అలా చేసి ఉంటారు. అర్ధవాహక పాలిమర్ మీద వెలుతురు పడితే కొత్త చార్జ్‌లు పుడతాయి, కరెంట్ మారుతుంది. మనం ఆ పొర చేత నీళ్లు చదివించాలనుకుంటుంటే అది ఎండని చదువుతోంది. కరెంటు పనులకి వాడే నల్ల టేప్ రెండు వరసలు చుట్టాం. ఆ రోజు నుంచి పొద్దున బ్లాంక్, సాయంత్రం బ్లాంక్ ఒకటిన్నర మిల్లీవోల్ట్ లోపల ఉంటున్నాయి. కొనేవాళ్లు టేప్ దగ్గర పెట్టుకోండి. కిట్‌లో రాదు.

డ్రిఫ్ట్, అంటే గీత దానంతటదే జరిగిపోవడం, గురించి ఇంకో మాట. బిళ్ల ముంచిన మొదటి ఇరవై నిమిషాలు వచ్చే అంకెల్ని లెక్కలోకి తీసుకోకండి. కిట్‌తో వచ్చిన పుస్తకంలో ఐదు నిమిషాలు అని రాశారు, చాలదు. రీడర్‌ని ఆన్‌లో వదిలేసి గంట మీటింగ్‌కి వెళ్లొస్తే గీత ఇంకోచోట ఉంటుంది. గేట్‌కి అదేపనిగా వోల్టేజ్ ఇస్తే, చార్జ్‌లు పాలిమర్‌కీ ఇన్సులేటర్‌కీ మధ్య చిక్కుకుపోయి ట్రాన్సిస్టర్ మొదలయ్యే వోల్టేజే జరుగుతుంది. ఆపేసి కాసేపు వదిలేస్తే చాలావరకు సర్దుకుంటుంది. కొలిచేటప్పుడు ఆన్, కొలిచాక ఆఫ్. అంతే.

ఇక అసలు సంగతి, పాదరసం.

పాదరసం స్ట్రిప్ మీద ఉన్నది థైమిన్ (డీఎన్ఏలోని నాలుగు బేస్‌లలో ఒకటి) ఎక్కువగా ఉండే డీఎన్ఏ ముక్కలు. రెండు థైమిన్‌ల మధ్య ఒక పాదరసం అయాన్ సరిగ్గా ఇమిడిపోతుంది, వేరే లోహాలు అలా ఇమడవు. పాదరసం రాగానే తీగలా నిలబడి ఉన్న డీఎన్ఏ మడతపడుతుంది. బిళ్ల దగ్గర చార్జ్ సర్దుబాటు మారుతుంది. అందమైన ఏర్పాటు. ఆర్గానిక్ ట్రాన్సిస్టర్‌తోనే, కాకపోతే బంగారు నానోకణాల మీద డీఎన్ఏ కట్టి, సముద్రపు నీటిలో పాదరసాన్ని పట్టవచ్చని స్టాన్‌ఫర్డ్‌లో జెనాన్ బావో బృందం 2014లో చూపించింది.

స్టాండర్డ్‌లతో, అంటే పాదరసం ఎంతుందో ముందే తెలిసిన ద్రావణాలతో, కాలిబ్రేషన్ కర్వ్ గీశాను. 1 మైక్రోమోలార్ నుంచి 10 మైక్రోమోలార్‌కి వెళ్తే 27 మిల్లీవోల్టులు కదిలింది. పుస్తకంలో నెర్న్‌స్ట్ సమీకరణం (గాఢత మారితే వోల్టేజ్ ఎంత మారుతుందో చెప్పే లెక్క) వేసి, రెండు చార్జ్‌ల అయాన్‌కి పది రెట్లకి 29.6 మిల్లీవోల్టులు అని గర్వంగా రాసుకున్నారు. నా అంకె దానికి దగ్గరగానే ఉంది, కానీ ఆ సమీకరణం ఇక్కడ అతకదు. అయాన్-సెలెక్టివ్ (ఒకే రకం అయాన్‌కి స్పందించే) పొరలకి అది సరే. ఇక్కడున్నవి లెక్కపెట్టిన సీట్లు. బస్సు ఖాళీగా ఉన్నప్పుడు ఎక్కేవాళ్లు ఎక్కుతుంటారు, సీట్లు నిండాక స్టాపులో ఎంతమంది నిలబడినా లోపలి లెక్క మారదు. కర్వ్ మధ్యలో నిటారుగా, రెండు చివరలా చదునుగా వస్తుంది. కింది చివర నాకు 0.1 మైక్రోమోలార్ దగ్గరే చదునైపోయింది.

అది ఎందుకు ముఖ్యమో లెక్క వేసి చూడండి. తాగునీటిలో అకర్బన పాదరసానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శక విలువ లీటరుకి 6 మైక్రోగ్రాములు. పాదరసం పరమాణు భారం 200.6 కాబట్టి అది 30 నానోమోలార్ (వెయ్యి నానోమోలార్లు ఒక మైక్రోమోలార్). ఈ స్ట్రిప్ 100 నానోమోలార్ దగ్గరే చేతులెత్తేస్తోంది. సీసానికి హద్దు 10 మైక్రోగ్రాములు, అంటే 48 నానోమోలార్. కాడ్మియంకి 3 మైక్రోగ్రాములు, 27 నానోమోలార్. ఆ రెండు స్ట్రిప్‌లకీ పుస్తకంలో రాసిన కింది హద్దు కూడా 100 నానోమోలారే. అందుకే కొనలేదు. రాగి మాత్రం వేరు. దానికి హద్దు లీటరుకి 2 మిల్లీగ్రాములు, అంటే సుమారు 31 మైక్రోమోలార్. సరిగ్గా కర్వ్ నిటారుగా ఉండే చోటు. డబ్బా మీద భార లోహాలు అని రాసిన చోట ‘రాగి’ అని ఒక్క మాట రాసి ఉంటే నేను రేటింగ్‌లో ఐదు చుక్కలు ఇచ్చేదాన్ని.

తొమ్మిదో వారంలో జరిగింది చెప్పాలి. ఒక వాగు నీళ్లు, టీ డికాక్షన్ రంగులో, కుళ్లిన ఆకుల వాసనతో వచ్చాయి. ఎక్కడినుంచి అన్నది అనవసరం. కిట్ పెట్టాం, పాదరసం సున్నా. ఐసీపీ-ఎంఎస్‌లో పెట్టాం, ఉంది. తక్కువేమీ కాదు, కిట్ హాయిగా చూపించాల్సినంత ఉంది. ముందు నా మీదే అనుమానం వచ్చింది. పాదరసం ప్లాస్టిక్ సీసా గోడలకి అతుక్కుంటుంది, ఆ జాగ్రత్త మా ల్యాబ్‌లో అందరికీ తెలుసు. సీసా గాజుదే. స్ట్రిప్ చచ్చిందేమోనని స్టాండర్డ్‌లో ముంచాను, శుభ్రంగా పలికింది. వాగు నీళ్లలోనే తెలిసినంత పాదరసం కలిపి మళ్లీ పెట్టాను. మళ్లీ దాదాపు సున్నా! నా చేత్తో, నా పిపెట్‌తో, ఇప్పుడే వేసిన పాదరసం బీకర్లో ఉంది. రీడింగ్ లేదు.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్లబోతూ సిస్టీన్ సీసా తీశాను. సిస్టీన్‌కి ఒక చివర గంధకం, దాని మీద ఒక హైడ్రోజన్ ఉంటాయి. థయోల్ అంటాం. వీటి పాత పేరు మెర్కాప్టాన్, లాటిన్‌లో పాదరసాన్ని పట్టేది అని అర్థం. పేరు పెట్టినవాళ్లకి రెండొందల ఏళ్ల కిందటే తెలుసు, నాకు ఆ రోజు గుర్తొచ్చింది. శుభ్రమైన బఫర్‌లో 5 మైక్రోమోలార్ పాదరసం తీసుకున్నాను. గీత ఎక్కింది, నిలబడింది. దానికి 10 మైక్రోమోలార్ సిస్టీన్, ఒక్కో పాదరసానికి రెండేసి అన్న లెక్కన, చుక్కలు చుక్కలుగా వేశాను. మొదటి చుక్కకి గీత ఉలిక్కిపడ్డట్టు వంగింది. ఆరో చుక్కకి సగం దిగింది. చివరికి బ్లాంక్ పక్కకి వచ్చి కూచుంది. ఆ బీకర్నే పక్క గదిలో ఐసీపీ-ఎంఎస్‌కి ఇచ్చాను. పాదరసం వేసినంతా ఉంది, ఎక్కడికీ పోలేదు.

కిట్ కొలిచేది నీళ్లలో ఉన్న పాదరసాన్ని కాదు, నీళ్లలో ఒంటరిగా తిరుగుతున్న పాదరసాన్ని. వాగు నీళ్లలో కుళ్లిన ఆకుల నుంచి వచ్చిన సేంద్రియ పదార్థంలో బోలెడు థయోల్‌లు ఉంటాయి. పాదరసం వాటితో ముందే జతకట్టేసింది, మన స్ట్రిప్ దాకా రానే లేదు. ఉప్పు నీళ్లలోనూ అంతే, అక్కడ పాదరసం ఎక్కువగా క్లోరైడ్‌లతో కలిసి తిరుగుతుంది. ఐసీపీ-ఎంఎస్ ప్లాస్మా వేడిలో అన్ని జతల్నీ విడగొట్టి తలలు లెక్కపెడుతుంది. రెండూ అబద్ధం చెప్పడం లేదు, రెండూ వేర్వేరు ప్రశ్నలకి జవాబు చెబుతున్నాయి. కానీ డబ్బా మీద ‘మొత్తం లోహ అయాన్లు’ అని అచ్చేసినవాళ్లు తప్పు ప్రశ్న మీద సరైన జవాబు అమ్ముతున్నారు.

ఒంటరిగా తిరిగేదే విషం, జతకట్టింది ప్రమాదం కాదు కదా అని ఎవరైనా అనొచ్చు. మా పైఅధికారి అన్నారు కూడా. అంత సులువు కాదు. మిథైల్ మెర్క్యురీ (కార్బన్ ముక్క అతికిన పాదరసం) సిస్టీన్‌తో జతకడితే ఆ జంట చూడ్డానికి మిథియోనిన్ అనే ఇంకో అమైనో ఆమ్లంలా ఉంటుంది. శరీరంలో అమైనో ఆమ్లాల్ని మోసే ఎల్ఏటీ1 అనే ప్రొటీన్ దాన్ని తనవాడే అనుకుని మెదడు గడప దాటిస్తుంది. జతకట్టిన పాదరసం అలా ఇంకా లోపలికి వెళ్తుంది. అందుకే ఈ కిట్ ‘లేదు’ అన్న శాంపిల్‌ని నేను లేదని రాయను. ‘ఉంది’ అంటే మాత్రం నమ్ముతాను, వరసలో ముందుకి జరుపుతాను. ఏరిపెట్టడానికి కొన్నాం కదా, సగం పని అలా జరుగుతోంది.

మొదటిసారి డబ్బా సర్దింది ఆ రాత్రే. మర్నాడు పొద్దున్న విప్పడానికి కారణం కూడా ఆ గీతే. సిస్టీన్ చుక్క పడగానే గీత అంత శుభ్రంగా దిగితే, అది సిస్టీన్ సెన్సరే కదా! ఇది నా తెలివేమీ కాదు, థైమిన్-పాదరసం జతని విడగొట్టి సిస్టీన్‌ని పట్టే పద్ధతి రసాయన శాస్త్రంలో తెలిసిందే. కిట్ వాళ్లు ఇచ్చిన సిస్టీన్ స్ట్రిప్‌తో పోల్చి చూశాను. వాళ్ల స్ట్రిప్ మీద ఏ పొరా లేదు, ఉత్త బంగారం. సిస్టీన్ గంధకంతో బంగారాన్ని పట్టుకుంటుంది, నిజమే. కానీ పట్టుకున్నాక వదలదు, స్ట్రిప్ ఒక్కసారికే పని అయిపోతుంది. పాదరసం ఎక్కించిన స్ట్రిప్ అలా కాదు: సిస్టీన్ వచ్చి పాదరసాన్ని ఎత్తుకుపోతుంది, మళ్లీ పాదరసం ఎక్కిస్తే మళ్లీ సిద్ధం. నేను ఏడుసార్లు తిప్పాను, వాలు (గాఢత పది రెట్లయితే కదిలే మిల్లీవోల్టులు) పెద్దగా తగ్గలేదు. గ్లైసిన్, అలనిన్, లైసిన్ వేస్తే గీత కదల్లేదు. గ్లూటాథయోన్ వేస్తే కదిలింది, దానికీ థయోల్ ఉంది కదా. కాబట్టి దీన్ని సిస్టీన్ సెన్సర్ అనడం కంటే థయోల్ సెన్సర్ అనడం నిజాయితీ.

పాదరసం స్ట్రిప్‌ని మళ్లీ వాడటానికి, లోహాల్ని పట్టి లాగేసే ఈడీటీఏతో కడగమని పుస్తకం చెబుతుంది. అలా కడిగితే నాలుగోసారికి వాలు 27 నుంచి 19కి పడిపోయింది. పలచని సిస్టీన్‌తో కడిగి, తర్వాత బఫర్‌తో బాగా కడిగితే చాలా మెరుగు. పదిసార్లు వాడొచ్చన్న వాళ్ల మాట అలా చేస్తేనే నిజమయ్యేలా ఉంది.

అమైనో ఆమ్లాల్ని ట్రాన్సిస్టర్‌తో పట్టడం లోహాల కంటే చిక్కు పని. లోహ అయాన్‌కి చార్జ్ ఉంటుంది, వచ్చి వాలితే గేట్‌కి తెలుస్తుంది. పీహెచ్ 7 దగ్గర చాలా అమైనో ఆమ్లాలు ఒక చివర ప్లస్, ఒక చివర మైనస్, మొత్తం మీద సున్నా. వచ్చి కూచున్నా గేట్‌కి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. అందుకే మధ్యవర్తిని పెడతారు. హిస్టిడిన్ స్ట్రిప్‌లో ఆ మధ్యవర్తి రాగి. బిళ్ల మీద మూడు నైట్రోజన్‌లతో రాగిని పట్టి ఉంచే అణువుల పొర ఉంటుంది, ఆ రాగి మీదికి హిస్టిడిన్ వస్తుంది. హిస్టిడిన్‌లోని ఇమిడజోల్ వలయం రాగిని గట్టిగా పట్టుకుంటుంది. గ్లైసిన్‌తో పోలిస్తే రాగితో హిస్టిడిన్ కట్టు సుమారు వంద రెట్లు బలం. నా బల్ల మీద కూడా ఆ తేడా కనబడింది: 100 మైక్రోమోలార్ హిస్టిడిన్‌కి 22 మిల్లీవోల్టులు, అంతే గ్లైసిన్‌కి 3, అలనిన్‌కి 2. సిస్టీన్ మాత్రం ఇక్కడా వచ్చి పాడుచేసింది. గీతని 30 దాకా లాగి, బఫర్‌తో కడిగినా వెనక్కి రానివ్వలేదు. అది రాగిని పట్టుకోవడమే కాకుండా క్షయకరణం కూడా చేస్తుంది. రెండూ ఉన్న ద్రావణంలో హిస్టిడిన్ అంకె నమ్మకండి.

రెండోసారి డబ్బా సర్దింది హిస్టిడిన్ వల్లే, కానీ ఆ తప్పు మాది. వాళ్లిచ్చిన హెపెస్ బఫర్ పొట్లాలు అయిపోయాయి. షెల్ఫ్‌లో ట్రిస్ అనే ఇంకో బఫర్ ఉంది, అదే పీహెచ్‌కి చేసి వాడేశాం. ఒక్కసారిగా రాగి స్ట్రిప్ మూగబోయింది, హిస్టిడిన్ స్ట్రిప్ అడ్డదిడ్డంగా కదిలింది. రెండు రోజులు స్ట్రిప్‌లు పాడయ్యాయని మెయిల్ టైప్ చేశాను. పంపే ముందు ట్రిస్ ఫార్ములా బోర్డు మీద గీస్తూ జూనియర్‌కి ఏదో చెప్పబోయి, చివర అమైన్ (నైట్రోజన్ ఉన్న కొస) గీసి ఆగిపోయాను. అమైన్ రాగిని పట్టుకుంటుంది. మా బఫరే రాగిని మింగేసింది. మెయిల్ డిలీట్ చేశాను, జూనియర్ నవ్వు ఆపుకుంది. అయినా ఒక మాట: ‘ట్రిస్ వాడకండి, ఫాస్ఫేట్ వాడకండి’ అని పుస్తకంలో ఒక్క లైన్ ఎందుకు లేదు? బఫర్ గాఢత గురించి కూడా అంతే. 10 మిల్లీమోలార్ వాడమన్నారు, ఎందుకో చెప్పలేదు. ఉప్పు పెరిగితే ద్రావణంలోని అయాన్లు బిళ్ల దగ్గరి చార్జ్‌ని కప్పేస్తాయి. 10 మిల్లీమోలార్‌లో గేట్‌కి 3 నానోమీటర్ల దూరం దాకా తెలుస్తుంది, 100లో ఒక్క నానోమీటరే. డీఎన్ఏ మడత దానికి అవతల జరిగితే గేట్‌కి కబురే అందదు. మా శాంపిళ్లు మామూలుగా నైట్రిక్ ఆమ్లం వేసి పీహెచ్ 2 లోపు ఉంచినవి. వాటిని మళ్లీ 7కి తెస్తే ఉప్పు పెరుగుతుంది, గీత కుదించుకుపోతుంది. కాబట్టి ఈ కిట్‌కి ఆమ్లం వేయని శాంపిల్ విడిగా పట్టాలి, వెంటనే కొలవాలి.

విద్యార్థుల స్ట్రిప్ నాకు బాగా నచ్చింది, కానీ లోహాల కోసం కాదు. దాంట్లో పెడాట్-పీఎస్ఎస్ అనే పాలిమర్ చానలే (కరెంట్ పారే దారే) నేరుగా నీళ్లలో ఉంటుంది, పైన ఏ గుర్తింపు పొరా లేదు. గేట్‌కి అర వోల్ట్ ప్లస్ ఇస్తే నీళ్లలోని ప్లస్ అయాన్లు పాలిమర్‌లోకి దూరి, అందులో కరెంట్ మోసే చార్జ్‌లని తగ్గిస్తాయి, కరెంట్ పడుతుంది. పైన మాత్రమే కాకుండా పొర మందమంతా పనిచేస్తుంది కాబట్టి గేట్ మీద 1 మిల్లీవోల్ట్ కదిలితే డ్రైన్‌లో 1 మైక్రోఆంపియర్ దాకా కదిలింది. కింద తెల్ల కాగితం పెట్టి చూడండి, లేత నీలంగా ఉన్న పొర వోల్టేజ్ ఇవ్వగానే కాస్త ముదురుతుంది. ఆపితే మళ్లీ తేలిపోతుంది. జూనియర్ ఆ రంగు కోసం పదిసార్లు నొక్కింది, నేను ఏడెనిమిది సార్లు. పాఠానికి ఇంతకంటే మంచి వస్తువు లేదు. అయితే దీన్ని కూడా భార లోహాల పేజీలోనే అచ్చేశారు. ఉత్త ఉప్పు నీళ్లకి కూడా అదే గీత వస్తుంది, సోడియం వచ్చినా రాగి వచ్చినా దానికి ఒకటే.

యాప్ గురించి రెండు ముక్కలు. గీత బాగానే గీస్తుంది. కానీ తనంతట తానే డ్రిఫ్ట్‌ని ‘సరిదిద్ది’ చూపిస్తుంది, అసలు డేటా మెనూలో మూడు మెట్ల కింద దాగి ఉంటుంది. ముందు దాన్ని తీసి బయటపెట్టుకోండి. సరిదిద్దిన గీతలో మబ్బు మాకు కనబడేదే కాదు.

ఎవరికి పనికొస్తుంది? రాగి మీద పనిచేసేవాళ్లకి, శుభ్రమైన ద్రావణాల్లో థయోల్‌లు, హిస్టిడిన్ చూసేవాళ్లకి, పాఠం చెప్పేవాళ్లకి. తాగునీటికి సర్టిఫికెట్ ఇవ్వాల్సినవాళ్లు దీని మీద సంతకం పెట్టకండి. ఐదుకి మూడు చుక్కలు. టేప్‌తో కలిపి మూడున్నర.

హిస్టిడిన్ స్ట్రిప్ గురించి ఒకటి మిగిలిపోయింది. ఒకసారి దాన్ని ఈడీటీఏతో కడిగి రాగిని పూర్తిగా తీసేసి, కుతూహలం కొద్దీ రాగి స్టాండర్డ్‌లలో ముంచాను. రాగి స్ట్రిప్ కర్వ్ మీద గీత మీద గీతలా పడింది. అంటే రాగి స్ట్రిప్‌కే ముందుగా రాగి ఎక్కించి ఇంకో పేరుతో, ఇంకో ధరకి ఇస్తున్నారని అనుమానం వచ్చింది. ఆ సంగతి, ‘మొత్తం’ అన్న మాట సంగతి, పారదర్శకమైన మూత సంగతి వాళ్లకి మర్యాదగా రాశాను. ధన్యవాదాలు చెబుతూ, మూత సంగతి తమ ఇంజినీర్లకి చెబుతామంటూ జవాబు వచ్చింది, దాంతోపాటు ఉచితంగా రెండు హిస్టిడిన్ స్ట్రిప్‌లు. ఒకదాని స్టిక్కర్ అంచు లేచి ఉంది. గోటితో ఇంకాస్త లాగాను. కింద ‘రాగి’ అని అచ్చు, పక్కన బ్యాచ్ నంబర్. నా డ్రాయర్‌లో ఉన్న రాగి స్ట్రిప్‌ల నంబరే.